పడిన సంగతి ఇంట్లో చెప్పలేదు, రేసుకి పది వారాలే ఉంది

అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమింగ్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 41. ఐటీ ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు. నాలుగేళ్ళ కిందట రక్తపరీక్షలో ఎ1సి, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.3 వచ్చింది. ఇంకాస్త పెరిగితే షుగర్ వచ్చినట్టేనని డాక్టరు హెచ్చరించారు. ఆ టెన్షన్‌లో నడక మొదలుపెట్టారు. నడక పరుగైంది. పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసులో దింపి కూర్చునే బదులు తను కూడా పెద్దవాళ్ళ బ్యాచ్‌లో చేరి ఈత నేర్చుకున్నారు. పోయిన ఏడాది చిన్న ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే పోటీ) ఒకటి పూర్తి చేశారు. అందులో ఈత పూల్‌లోనే, సైకిలు తారు రోడ్డు మీదే. ఇప్పుడు ఎ1సి 5.5.

ఆ ఊపులో ఈసారి ఆఫ్ రోడ్ ట్రయథ్లాన్‌కి పేరిచ్చారు. అలబామాలో పెల్హమ్ దగ్గర ఓక్ మౌంటెన్ స్టేట్ పార్కులో, మే నెలలో, ఇలాంటి పోటీలు నడిపే ఎక్స్‌టెర్రా సంస్థ వాళ్ళ రేసు. 1,500 మీటర్లు లేక్‌లో ఈత, ఆ తర్వాత అడవి దారిలో, రాళ్ళలో దాదాపు 30 కిలోమీటర్లు మౌంటెన్ బైక్, చివర 10 కిలోమీటర్ల ట్రైల్ (అడవి బాట) పరుగు. ఆఫీసులో కలిసి ప్రాక్టీసు చేసే గ్రూపు వాళ్ళు "నువ్వు చెయ్యగలవు" అన్నారట. ఫీజు కట్టేశారు, బైక్ కొనేశారు, తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చెప్పేశారు కూడా.

భర్తకి మొదటినుంచీ ఇష్టం లేదు. "పరుగెత్తు, ఎవరొద్దన్నారు? ఆ చెరువులో దిగడం ఎందుకు? నీకేమైనా అయితే పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంటారు. ఆయనది కృష్ణా జిల్లాలో కాలువ గట్టు మీది ఊరు. ఆయనకి ఈత రాదు. జనవరిలో అత్తగారు కూడా వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. శనివారం పొద్దున్నే ఈవిడ ట్రైల్‌కి వెళ్ళిపోతే పిల్లల కూచిపూడి క్లాసూ మనబడి తెలుగు క్లాసూ ఆయనే చూసుకుంటున్నారు.

మూడు వారాల కిందట ఇంటికి దగ్గర్లోని ఒక ట్రైల్‌లో చిన్న ఎత్తు ఎక్కుతుంటే బైక్ ఆగిపోయింది. బూటుని బిగించి పట్టుకునే క్లిప్ పెడల్స్ అవి, బూటు పెడల్‌లోంచి ఊడి రాలేదు. కుడివైపుకి ఒరిగిపోయి అరచేయి ఆనించారు. ఇంట్లో మాత్రం ఆఫీసు మెట్ల మీద జారానని చెప్పారు. "కొంచెం నొప్పి ఉంది, దోసెపిండి గిన్నె ఎత్తితే కలుక్కుమంటుంది, తగ్గిపోతుందిలెండి" అని రాశారు. ఇన్సూరెన్స్ భర్త పేరు మీద ఉంది. కాగితాలు ఆయనకే వస్తాయని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అత్తగారు ఏమీ అడగలేదట, కానీ ఒక రాత్రి అమృతాంజనం సీసా ఈవిడ మంచం పక్కన పెట్టి వెళ్ళారట. ఉత్తరం చివర్లో ఇంకో మాట ఉంది. పోయిన అక్టోబర్‌లో గ్రూపుతో కలిసి మొదటిసారి లేక్‌లో దిగితే, కాస్త దూరం వెళ్ళేసరికి ఊపిరాడక వెనక్కి వచ్చేశారు. కాళ్ళు పట్టేశాయని గ్రూపు వాళ్ళకి చెప్పారు.

"వెళ్తే ఇంట్లో యుద్ధం. మానేస్తే నలుగురిలో నవ్వులపాలు. వెళ్ళాలా, మానాలా? ఒక్కమాటలో చెప్పండి" అని అడిగారు.

* * *

రేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మణికట్టు.

నాలుగు పేజీల్లో మీ వారి గురించి రెండు పేజీలు రాశారు, చేతి గురించి ఒకటిన్నర వాక్యం. నేను తిరగేసి చదివాను. అరచేయి తెరిచి నేల మీద ఆనించి పడ్డప్పుడు విరిగే ఎముక ఒకటుంది. పేరు స్కాఫాయిడ్. మణికట్టులో బొటనవేలి వైపు, జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. బొటనవేలిని బాగా పైకి చాపి చూడండి, దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కండి. అక్కడ నొప్పి పుడితే ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టరుని, వీలైతే చేతి ఎముకల స్పెషలిస్టుని కలవండి. అక్కడ నొప్పి లేకపోయినా, మూడు వారాలైనా గిన్నె ఎత్తితే కలుక్కుమంటోంది కాబట్టి, చూపించుకోవాల్సిందే. నేను డాక్టర్ని కాను. ఈ ఎముక విషయంలో మాత్రం ట్రైల్స్ మీద తిరిగేవాళ్ళందరూ ఒకరికొకరు ఇదే చెప్పుకుంటారు.

ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. ఈ ఎముక విరిగినా పెద్దగా వాపు రాకపోవచ్చు, చెయ్యి వంగుతూనే ఉంటుంది, అందుకే చాలామంది బెణుకనుకుని బామ్ రాసుకుంటూ తిరుగుతారు. మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం కూడా మామూలే. అనుమానం ఉంటే డాక్టర్లు కట్టు వేసి పది, పద్నాలుగు రోజులాగి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, లేదా ఎంఆర్ఐ చేయిస్తారు. ఈ ఎముకకి రక్తం బొటనవేలి వైపున్న దాని కొస నుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం సరిగా అందక అతుక్కోకుండా ఉండిపోవచ్చు. అలా వదిలేస్తే కొన్నేళ్ళకి మణికట్టు అరిగి, అప్పుడు ఆపరేషన్ల దాకా వెళ్తుంది. మీకు ఇప్పటికే మూడు వారాలు గడిచాయి. ఎముక బాగానే ఉండి ఒట్టి బెణుకే కావచ్చు, అదే అవ్వాలని కోరుకుంటున్నాను. కానీ అది మీరో, మీ గ్రూపువాళ్ళో తేల్చేది కాదు.

ఇంకొకటి. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి కుడిచేతి కింద ఉండేది వెనక బ్రేకు. కొండ దిగుతున్నంతసేపూ ఆ చేతి వేలు బ్రేకు మీదే ఉంటుంది, రాళ్ళ దెబ్బలన్నీ ఆ మణికట్టుకే తగులుతాయి. దోసెపిండి గిన్నె మోయలేని చెయ్యి ఆ పని చెయ్యలేదు. కాబట్టి డాక్టరు చూసి సరేననేదాకా ట్రైల్ మీద బైక్ ఎక్కకండి. ఇంట్లో సైకిల్ని కదలకుండా నిలబెట్టే ట్రైనర్ స్టాండు మీద తొక్కినా చేతి మీద బరువు వెయ్యకండి. పరుగు తీయొచ్చా అన్నది కూడా ఆ డాక్టర్నే అడగండి.

ఇన్సూరెన్స్ కాగితం ఇంటికొస్తుందని ఆగిపోయానన్నారు. ఒక కాగితం కోసం చెయ్యి పణం పెడుతున్నారండీ. దీనికి ఇంతకంటే మెత్తగా నా దగ్గర మాట లేదు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన మిమ్మల్ని కట్టిపడేస్తున్నారని మీ బాధ. కొంత నిజం ఉండొచ్చు, నలభై దాటాక ఇవన్నీ ఎందుకనే మాట ఆయన నోట వచ్చిందని రాశారు, ఆ మాట నాకూ నచ్చలేదు. కానీ ఆయన అన్నట్టు మీరు రాసినవన్నీ వరుసగా పెట్టి చూడండి. చెరువు, లేక్, నీళ్ళు. సైకిలు పేరు ఒక్కచోటే వచ్చింది, అదీ మీరడిగితే చెప్పిన జవాబులో. కాలువ గట్టు మీద పుట్టి పెరిగిన మనిషి. కాలువలో కొట్టుకుపోయిన కుర్రాళ్ళ కబుర్లు వేసవి వేసవికీ వింటూ పెరిగి ఉంటారు, పైగా తనకి ఈత రాదు. ఆయన భయం నీళ్ళ గురించి. మీరేమో సైకిలు మీంచి పడ్డ సంగతి దాస్తున్నారు. ఆయన అంతగా భయపడని దాని గురించి అబద్ధం చెప్పారు, నిజంగా భయపడే దాని గురించి, అంటే ఆ అక్టోబర్ నాటి లేక్ గురించి, అసలు చెప్పనేలేదు.

ఆయన భయం ఉత్తది కూడా కాదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయథ్లాన్లలో మరణాలు, గుండె ఆగిపోయిన సందర్భాలు కలిపి డాక్టర్లు లెక్కతీస్తే 135 తేలాయి. అందులో 90 ఈతలోనే. సైకిలు, పరుగు రెండూ కలిపినా ఈత దరిదాపులకి రావు. ఇది వినగానే హడలిపోకండి, మిగతా లెక్క కూడా వినండి. పాల్గొన్న లక్ష మందికి రెండు కంటే తక్కువే. వాళ్ళలో ఎక్కువమంది నడివయసు మగవాళ్ళు, ఆడవాళ్ళలో ఇది బాగా తక్కువ. పోస్ట్‌మార్టం వివరాలు దొరికిన వాళ్ళలో సగానికి కొంచెం తక్కువ మందికి, బతికుండగా బయటపడని గుండె జబ్బు ఉందని తేలింది. అందుకని మణికట్టు చూపించుకునే నెలలోనే మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గర గుండె పరీక్ష విషయం కూడా ఎత్తండి. షుగర్ అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పకుండా చెప్పండి. ఆ రిపోర్టు చేతిలో ఉంటే మీ వారితో మాట్లాడటం కూడా తేలికవుతుంది.

ఆయనకి ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం. ఏది చేస్తే ఏమవుతుందో నాకు తోచింది చెప్తాను. ఎక్స్‌రే వచ్చాక చెబుదామని ఆగితే, రిపోర్టు బాగుంటే "అంతా బాగుందని తేలాకే నోరు విప్పావు" అంటారు, బాగోకపోతే కట్టుతో ఇంటికొచ్చిన మిమ్మల్ని చూసి తెలుసుకుంటారు. రెండో పద్ధతి అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజు సాయంత్రమే చెప్పడం. కోపం వస్తుంది. పడ్డందుకు కాదు, మెట్ల కథ అల్లినందుకు. ఆ కోపం న్యాయమైనదే, ఒక సాయంత్రం దాన్ని భరించండి. "నువ్వు ఇలా అంటావనే దాచాను" అనే మాట మాత్రం ఆ రోజు వాడకండి, తప్పంతా ఆయన మీదకి నెట్టినట్టవుతుంది. అదే సాయంత్రం రేసుకి వెళ్ళాలా వద్దా అన్న చర్చ కూడా పెట్టకండి. పడ్డాను, దాచాను, ఫలానా రోజు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అంతవరకే. అసలు చెప్పకుండా రేసు దాకా నెట్టుకురావడం మూడో దారి. అది కూడా కుదురుతుంది, రేసులో మళ్ళీ పడనంతవరకు.

అత్తగారికి సంగతి తెలిసిపోయింది. అమృతాంజనం సీసా మంచం పక్కన పెట్టి ఏమీ అడగకుండా వెళ్ళిన మనిషి మెట్ల కథ నమ్మలేదు. ఆవిడ్ని మీ తరఫున మాట్లాడమని మాత్రం అడగకండి. కొడుక్కి చెప్పకుండా దాచే భారం ఇప్పటికే ఆవిడ మీద ఉంది. మీ వారికి చెప్పిన మర్నాడు ఆవిడకీ మీ నోటితో చెప్పండి, చాలు.

శనివారాల గురించి ఒక చిన్న మాట. మీరు పొద్దున్నే వెళ్ళిపోతే పిల్లల్ని రెండు క్లాసులకి తిప్పేది ఆయన. రేసు వద్దనడంలో భయం ఎంత, ఆ శనివారాల అలసట ఎంత అన్నది మీరడిగితేనే తెలుస్తుంది. మగవాళ్ళు చాలామంది ఇలాంటివి బయటికి చెప్పరు, వేరే దాని మీద విసుక్కుంటారు. నెలకి రెండు శనివారాలు ప్రాక్టీసు వారం మధ్యకి మార్చుకుంటే తీరే సమస్య కావచ్చు.

ఇప్పుడు రేసు.

ఎముక విరిగిందని తేలితే ఈ ఏడాదికి రేసు లేదు. స్కాఫాయిడ్ కట్టు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది, తర్వాత చెయ్యి బలం పుంజుకోవడానికి ఇంకొంత కాలం. అప్పుడు చెయ్యాల్సింది నిర్వాహకులకి మెయిల్ రాసి, రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాదికి మార్చుకునే వీలుందా, గడువెంత అని కనుక్కోవడం. ఇలాంటి గడువులు రేసుకి చాలా ముందే అయిపోతుంటాయి కాబట్టి ఈరోజే చూసి పెట్టుకోండి.

విరగలేదని తేలితే, మీరు వెళ్ళడం, మానడం అని రెండే దారులున్నట్టు రాశారు గానీ, ఈ ఆటలో దారులు ఇంకా ఉన్నాయి. దీని సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఎక్స్‌టెర్రా రేసులు 1996లో హవాయిలో మావీ దీవి మీద మొదలయ్యాయి. తారు రోడ్డు ట్రయథ్లాన్‌లో టైమే అంతా. ఇక్కడ మాత్రం వేర్లు, రాళ్ళు, బురద, చేత్తో పట్టుకుని తొయ్యాల్సిన ఎత్తులు, దిగి నడవాల్సిన పల్లాలు ఉంటాయి. బైక్ దిగి నడిపించుకెళ్ళడం తప్పు కాదు, పెనాల్టీ లేదు. ఓక్ మౌంటెన్‌లో గట్టు మీదికి ఎక్కాక బ్లడ్ రాక్ అని ఒక చోటు వస్తుంది. పెద్ద పెద్ద రాళ్ళ మీంచి నిటారుగా దిగాలి. రేసు రోజు జనం అక్కడ గుమిగూడి చూస్తుంటారు, కేకలు, ఈలలు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా చాలామంది అక్కడ దిగి బైక్‌ని పట్టుకుని నడుస్తారు. చూసేవాళ్ళు వాళ్ళకీ చప్పట్లు కొడతారు. మీ ఉత్తరంలో ఆ పేరు మూడుసార్లు వచ్చింది, రాత్రిళ్ళు వీడియోలు చూస్తున్నానని రాశారు. ఆ వీడియోలు ఆపండి. బ్లడ్ రాక్ దగ్గర దిగి నడుస్తానని ఇప్పుడే అనుకుంటే ఆ భయం సగం పోతుంది. పోయేది ఒకటి రెండు నిమిషాలు.

నాకు భయమేసేది బ్లడ్ రాక్ గురించి కాదు, ఈత జరిగే డబుల్ ఓక్ లేక్ గురించి. మీరు అక్టోబర్‌లో ఊపిరాడక వెనక్కొచ్చారు, ఆ తర్వాత మళ్ళీ లేక్‌లో దిగలేదు. ఇప్పుడు మార్చి. మీ దగ్గరున్న లేక్ లేనియర్ నీళ్ళు ఇంకా బాగా చల్లగా ఉన్నాయి, కొత్తవాళ్ళు దిగాల్సిన కాలం కాదు. ఏప్రిల్ ఆఖరుకి గానీ సుఖంగా దిగలేరు. అంటే రేసులోపు లేక్‌లో మీకు దొరికే ప్రాక్టీసు మూడు వారాలు. పూల్‌లో ఎంత ఈదినా, అడుగు కనపడని నీళ్ళలో, చుట్టూ వందమంది కాళ్ళూ చేతులూ తగులుతుంటే ఈదడం వేరే సంగతి.

కాబట్టి పూర్తి దూరం చెయ్యాలనుకుంటే ఆ మూడు వారాలూ లేక్‌కే ఇవ్వాలి, అది కూడా ఒంటరిగా ఎప్పుడూ కాదు. నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలి బుడగ (స్విమ్ బాయ్) కొనుక్కోండి, ఈదేటప్పుడు వెనకాలే తేలుతూ వస్తుంది, అలసిపోతే పట్టుకోవచ్చు. మొదటి రోజు ఈదొద్దు. ఛాతీలోతు నీళ్ళలో నిలబడి, ముఖం ముంచి నీళ్ళలోకి నెమ్మదిగా ఊపిరి వదలడం ఒక పది నిమిషాలు. ఊపిరాడనట్టు అనిపించేది చాలాసార్లు గాలి అందక కాదు, లోపలున్నది పూర్తిగా వదలకపోవడం వల్ల. తర్వాత గట్టు వెంబడే, కాలు ఆనేంత లోతులో అటూ ఇటూ ఈదండి. వెల్లకిలా తేలడం అలవాటు చేసుకోండి. గాబరా వస్తే చెయ్యాల్సింది అదే, తిరిగి వెల్లకిలా పడుకుని ఆకాశం చూడటం. రేసులో మధ్యమధ్య కయాక్‌లు ఉంటాయి. వాటిని పట్టుకుని ఆగొచ్చు, దాన్ని ఆసరాగా ముందుకి జరగకూడదు, అంతే. స్టార్ట్‌లో వెనక వరసలో, ఒక పక్కగా నిలబడండి. గాబరా కాకుండా దగ్గు ఆగకపోయినా, నురగలా కఫం వచ్చినా మాత్రం తేలుతూ ఉండకుండా వెంటనే చెయ్యెత్తి సాయం పిలవండి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే లక్షణం అది, రేసు అక్కడితో ఆపేయాలి.

మూడు వారాల్లో అది కుదురుతుందా? కొందరికి కుదురుతుంది. మీకు కుదురుతుందో లేదో మే మొదటి ఆదివారానికి తెలిసిపోతుంది. లేక్‌లో ఆగకుండా, గాబరా పడకుండా 1,000 మీటర్లు ఈదగలిగితే పూర్తి దూరం గురించి ఆలోచించండి. లేకపోతే వద్దు. ఇది మీరు ముందే కాగితం మీద రాసుకుని మీ వారికి చూపించగల గీత. "నాకేం కాదు" అనే మాటకంటే దానికి విలువ ఎక్కువిస్తారని నా నమ్మకం.

రెండో దారి స్ప్రింట్. ఇలాంటి రేసుల్లో మామూలుగా సగం దూరాల విభాగం ఉంటుంది, ఈసారి ఉందో లేదో, మార్చుకోవచ్చో లేదో కనుక్కోండి. సగం ఈత, సగం బైక్, సగం పరుగు. అదే కొండ, అదే లేక్. మీకున్న సమయానికి, మీ చేతికి, మీ ఇంటికి ఇది నప్పుతుందని నాకనిపిస్తోంది. దీని నష్టం ఒక్కటే, "ఫుల్ అన్నావుగా" అనేవాళ్ళు అంటారు. మూడోది రిలే, ఆ విభాగం ఉంటే. ముగ్గురు మూడు ముక్కలు పంచుకుంటారు. మీరు పరుగు తీసుకుంటే లేక్ లేదు, రాళ్ళ బైక్ లేదు, ట్రైల్ మీద 10 కిలోమీటర్లు మీరు ఇప్పటికే చెయ్యగలరు. అయితే మీ గ్రూపులో ఇంకో ఇద్దరు తమ సొంత రేసు వదులుకోవాలి, ఇప్పుడు అలాంటివాళ్ళు దొరకడం కష్టం. నాలుగోది పూర్తి దూరానికే వెళ్ళి, ఈత అయ్యాక చెయ్యి నొప్పి పెడితే బైక్ దగ్గరే ఆగిపోవడం. నియమాల ప్రకారం తప్పేమీ లేదు, రిజల్ట్స్‌లో పేరు పక్కన పూర్తి చెయ్యలేదని పడుతుంది. మీ ఉత్తరం చదివాక, ఆ క్షణంలో ఆగే మనిషి మీరేనా అన్నది నాకు అనుమానమే. మూడు వారాలు విరిగిందో లేదో తెలియని చేత్తో వంట చేసిన మనిషి మీరు.

ఐదోది, మానేయడం. ఉత్తరంలో ఎక్కడా మీరు ఈ రేసు చెయ్యాలని ఎందుకనుకుంటున్నారో రాయలేదు. నడక గురించి రాసినచోట సంతోషం ఉంది, లోతు లేని చోటు నుంచి మొదటిసారి పూల్ అవతలి గోడ తాకిన రోజు గురించి ఎంత బాగా రాశారో. ఈ రేసు దగ్గరికి వచ్చేసరికి ఫీజు, బైక్ ఖరీదు, వాట్సాప్ గ్రూపు. ట్రైల్ మీద బైక్ తొక్కడం మీకు ఇష్టమేనా? ఇష్టమైతే పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి కుదురుతుంది. ఇష్టం లేదు, పేరిచ్చాను కాబట్టి చేస్తున్నాను అంటే, మీ ఎ1సికి కొండలతో పనిలేదు. నడకా పరుగూ ఈతే దాన్ని దించాయి. వాట్సాప్ గ్రూపు నవ్వుతుందన్నారు. ఒక వారం మాట్లాడుకుంటారు, ఈలోగా ఎవరింట్లోనో గృహప్రవేశం వస్తుంది.

బైక్ వదలకూడదనుకుంటే, చెయ్యి నయమయ్యాక మొదట చెయ్యాల్సిన పని ఆ క్లిప్ పెడల్స్ విప్పేయడం. బల్లపరుపుగా ఉండే మామూలు పెడల్స్ వేయించండి, మామూలు బూట్లతో తొక్కండి. బైక్ ఆగినప్పుడు కాలు నేల మీద పెట్టగలిగితే మీరు మూడు వారాల కిందట పడేవారే కాదు. వేగంగా వెళ్తాం అని గ్రూపులో అందరూ క్లిప్‌లు వేస్తారు, ట్రైల్ మీద మొదటి ఏడాది వాళ్ళకి అవి అక్కర్లేదని నా అభిప్రాయం, దీని మీద వాదించేవాళ్ళుంటారని తెలుసు. కాంటన్ దగ్గర బ్లాంకెట్స్ క్రీక్‌లో మస్కిటో ఫ్లాట్స్ అని కొత్తవాళ్ళ కోసం ఒక చిన్న చుట్టు ఉంది. అక్కడ తిరగండి. దిగేటప్పుడు పెడల్స్ మీద నిలబడి, మోకాళ్ళూ మోచేతులూ వంచి, ముందు చక్రాన్ని కాకుండా దాని ముందు నాలుగైదు గజాల దారిని చూడండి. కళ్ళు ఎటు వెళ్తే బైక్ అటే పోతుంది, అందుకే చెట్టుని చూస్తే చెట్టుకే గుద్దుకుంటాం. ఒక ఆదివారం మీ వారినీ పిల్లల్నీ కూడా తీసుకెళ్ళండి. రేసుకి ఒప్పించడానికని కాదు, ట్రైల్ అంటే ఆయన ఊహించుకుంటున్నది ఏమిటో, అక్కడున్నది ఏమిటో చూస్తారు.

డాక్టరుకి ఫోన్ చెయ్యడం, గడువు కనుక్కోవడం, ఈ రెండూ రేపే. మిగతావన్నీ ఎక్స్‌రే తర్వాత. రిపోర్టు వచ్చాక స్ప్రింటా, రిలేనా అన్న సందేహం మిగిలితే మళ్ళీ రాయండి. చల్లటి నీళ్ళలో ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ మాత్రం అప్పటిదాకా కొనకండి. నీళ్ళు ఒక హద్దు దాటి వేడెక్కితే అది వేసుకోనివ్వరు. అలబామాలో మే నెల నీళ్ళు ఎటైనా ఉండొచ్చు. కావాలంటే ఆ వారానికి అద్దెకి దొరుకుతాయి.